సింగపూర్ ప్రయాణం: అత్తయ్యగారి చేతిలోనూ పనిచేసే ఫోన్ ఉండాలి

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. మా అత్తయ్య, మామయ్యలది పలమనేరు. వచ్చే నెల ఇద్దరూ ఒక టూర్ గ్రూపుతో సింగపూర్, మలేషియా వెళ్తున్నారు. మొత్తం 8 రోజులు. ఇద్దరికీ విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. మామయ్యగారికి స్మార్ట్‌ఫోన్ ఉంది, వాట్సాప్ వరకు బాగానే వాడతారు. అత్తయ్యది కీప్యాడ్ ఫోన్. ఇక్కడి సిమ్‌కే, విదేశంలోనూ పనిచేసేలా రోమింగ్ ప్యాక్ వేయిస్తే సరిపోతుందని మా మరిది అంటాడు. మా వారు ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోకే ఎక్కించుకునే సిమ్) అంటున్నారు. టూర్ వాళ్ళేమో అక్కడ దిగాక చూసుకుందాం అంటున్నారు. మామయ్యగారి పెన్షన్ ఖాతా ఓటీపీలన్నీ ఇక్కడి నంబరుకే వస్తాయి. సిమ్ మారిస్తే అవి ఆగిపోతాయేమోనని ఆయన టెన్షన్. ఏం చేస్తే మంచిది?
(ఒక పాఠకురాలు, బెంగళూరు)

సమాధానం: మీ ఇంట్లో తలా ఒక మాట చెప్పారు. ప్రతి మాటలోనూ పనికొచ్చేది కొంత ఉంది, ఆ సంగతి తర్వాత చెబుతాను. కానీ అందరూ మామయ్యగారి ఫోన్ గురించే ఆలోచించారు. అత్తయ్యగారి ఫోన్ సంగతి ఎవరూ ఎత్తలేదు. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది అదే.

ఆవిడ కీప్యాడ్ ఫోన్ సింగపూర్‌లో పనిచేస్తుందని ఆశ పెట్టుకోవద్దు. అక్కడ 2జీ సేవలు 2017లోనే ఆపేశారు. 2024లో 3జీ కూడా తీసేశారు. ఇప్పుడున్నవి 4జీ, 5జీ మాత్రమే. మన దగ్గర పెద్దవాళ్ళు వాడే మామూలు కీప్యాడ్ ఫోన్లు చాలావరకు 2జీ మీద నడిచేవే. వాటిలో అక్కడి సిమ్ వేసినా, ఇక్కడి సిమ్‌కు రోమింగ్ పెట్టించినా సిగ్నలే రాదు. ఒకవేళ ఆవిడది జియోఫోన్ అయితే అది 4జీదే గానీ, జియో సిమ్ తప్ప ఇంకో సిమ్ తీసుకోదు. ఈ విషయం విమానం దిగాక తెలిస్తే అప్పటికప్పుడు చేయగలిగేది ఏమీ ఉండదు.

ఇద్దరూ ఎప్పుడూ పక్కపక్కనే ఉంటారు కదా, ఒక్క ఫోన్ చాలదా అని మీకు అనిపించొచ్చు. చాలదు. మలేషియా టూర్లలో కౌలాలంపూర్ దగ్గరున్న బతు గుహలు దాదాపు తప్పకుండా ఉంటాయి. గుహలోని సుబ్రహ్మణ్యస్వామిని చూడాలంటే 272 మెట్లు ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు "మీరు వెళ్ళి రండి" అని కింద, ఆ పెద్ద బంగారు రంగు మురుగన్ విగ్రహం దగ్గరే ఉండిపోతారు. పైకెళ్ళినవాళ్ళు తిరిగి రావడానికి ఎంత టైము పడుతుందో చెప్పలేం. అంత జనంలో, భాష తెలియని చోట, ఇక్కడే కూర్చోమన్న మనిషి నీడ కోసం నాలుగడుగులు అటు జరిగితే చాలు, వెతుకులాట మొదలవుతుంది. షాపింగ్‌లో, విమానాశ్రయంలో, ఆడవాళ్ళు టాయిలెట్‌కు వెళ్ళినప్పుడు కూడా ఇదే కథ. ఫోన్ అవసరం పడేది ఇద్దరూ విడిపోయిన ఆ పది నిమిషాల్లోనే. అందుకే అత్తయ్యగారికి కూడా సొంతంగా ఒక స్మార్ట్‌ఫోన్, అందులో సొంతంగా ఒక సిమ్ ఉండాలి.

దానికోసం కొత్త ఫోన్ కొనక్కర్లేదు. మీ ఇంట్లో ఎవరో ఒకరు వాడి పక్కన పెట్టిన 4జీ ఫోన్ ఉండే ఉంటుంది. బ్యాటరీ రోజంతా నిలుస్తుందో లేదో చూడండి. నిలవకపోతే మీ బెంగళూరు ఎస్పీ రోడ్డులోని ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో మార్పించండి, లేదా ఒక పవర్ బ్యాంక్ ఇవ్వండి. పవర్ బ్యాంక్‌ను చెక్ ఇన్ సామానులో పెట్టనివ్వరు, హ్యాండ్ బ్యాగులోనే ఉండాలని చెప్పండి. అమెరికా నుంచి బంధువులెవరో తెచ్చిచ్చిన ఐఫోన్ అయితే రెండు విషయాలు చూడాలి. ఒకటి, అది అక్కడి కంపెనీకి లాక్ అయి ఉందా అని. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్‌లోకి వెళ్తే క్యారియర్ లాక్ అనే వరుస ఉంటుంది. అక్కడ 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' అని ఉంటే ఏ దేశం సిమ్ అయినా పనిచేస్తుంది. రెండోది, ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ పెట్టే ట్రే ఉండదు. వాటికి ఈసిమ్ ఒక్కటే దారి.

ఇక్కడి అత్తయ్యగారి సిమ్‌ను ఈ స్మార్ట్‌ఫోన్‌లోకి మార్చి, ఆవిడ నంబరుతోనే వాట్సాప్ పెట్టండి. పాత కీప్యాడ్ ఫోన్‌లోని సిమ్ పెద్ద సైజుది అయి ఉండొచ్చు. అలాంటప్పుడు కంపెనీ స్టోర్‌కు ఆవిడనే తీసుకెళ్ళి నానో సిమ్ తీసుకోవాలి. కొత్త సిమ్ పనిచేయడం మొదలయ్యాక 24 గంటలపాటు ఎస్ఎంఎస్‌లు రావు. మోసాలు జరగకుండా మన దగ్గర పెట్టిన నిబంధన అది. కాబట్టి ఈ పని ప్రయాణం ముందు రోజుకు పెట్టుకోవద్దు, ఈ వారమే చేసేయండి. ఫోన్ కూడా ఇప్పుడే ఆవిడ చేతికివ్వండి. అక్షరాలు పెద్దవిగా పెట్టి, మొదటి తెర మీద ఫోన్, వాట్సాప్, కెమెరా తప్ప మిగతావన్నీ తీసేయండి. రోజూ పలమనేరు నుంచి మీకు ఆవిడే వాట్సాప్‌లో కాల్ చేయాలని ఒక నియమం పెట్టుకోండి. మనవలతో వీడియోలో మాట్లాడించండి. నెల రోజులు చాలా ఎక్కువ, పది రోజుల్లోనే అలవాటైపోతుంది.

ఇప్పుడు మామయ్యగారి ఓటీపీల సంగతి. ఆయన భయం న్యాయమైనదే, కానీ దానికి తేలికైన దారి ఉంది. ఇక్కడి సిమ్‌ను ఫోన్‌లోంచి తీయకూడదు. ఆయన ఫోన్‌లో రెండు సిమ్‌లకు చోటు ఉంటే ఇక్కడిది మొదటి స్లాట్‌లో అలాగే ఉంటుంది, అక్కడిది రెండో స్లాట్‌లోకి వెళ్తుంది. రెండో స్లాట్‌లో మెమరీ కార్డు ఉంటే ముందే ఫొటోలు ఎక్కించుకుని దాన్ని తీసి ఇంట్లో పెట్టండి. ఇక్కడి నంబరుకు అంతర్జాతీయ రోమింగ్ ఆన్ చేయించాలి. ఆ కంపెనీ యాప్‌లో చేయొచ్చు, కుదరకపోతే స్టోర్‌లో చేయిస్తారు. ఇది బయలుదేరేముందే జరగాలి. రీఛార్జ్ గడువు కూడా ఆయన తిరిగొచ్చే తేదీ దాటి కనీసం ఒక వారం ఉండేలా చూడండి. రోమింగ్‌లో ఉన్నప్పుడు వచ్చే ఎస్ఎంఎస్‌లకు సాధారణంగా డబ్బు పట్టరు, కాబట్టి ఓటీపీలు వస్తూనే ఉంటాయి. ఒక్కోసారి ఆలస్యంగా వస్తాయి, అంతే.

డబ్బు పోయేది రెండు చోట్ల. ఇక్కడి సిమ్‌కు ఫోన్ సెట్టింగ్స్‌లో డేటా రోమింగ్ (అంటే విదేశంలో ఆ సిమ్ మీద నెట్ వాడటం) ఆన్‌లో ఉంటే వెనకాల యాప్‌లు వాడుకునే నెట్‌కు కూడా ఛార్జీ పడుతుంది. ఇక్కడి నంబరుకు వచ్చిన కాల్ ఎత్తినా ఛార్జీ పడుతుంది. మొదటిదానికి డేటా రోమింగ్ ఆఫ్ చేసి పంపండి. రెండోదానికి చుట్టాలకూ స్నేహితులకూ ముందే చెప్పాలి: "ఈ 8 రోజులూ మామూలు కాల్ చేయొద్దు, వాట్సాప్‌లోనే చేయండి." పెద్దవాళ్ళు ఫోన్ మోగితే ఎత్తకుండా ఉండలేరు, కాబట్టి చేసేవాళ్ళనే ఆపడం మేలు. సింగపూర్, మలేషియా రెండూ మనకంటే రెండున్నర గంటలు ముందుంటాయి. మీరు రాత్రి పది గంటలకు తీరిగ్గా కాల్ చేస్తే వాళ్ళకు అర్ధరాత్రి దాటిపోయి ఉంటుంది.

ఇక్కడి సిమ్ తీయొద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. యూపీఐ యాప్‌లు, కొన్ని బ్యాంకు యాప్‌లు సిమ్ ఫోన్‌లో లేకపోతే మొరాయిస్తాయి. 2025 నవంబరులో మన టెలికాం శాఖ వాట్సాప్ లాంటి యాప్‌లకూ ఆదేశాలిచ్చింది. ఏ నంబరుతో ఖాతా తెరిచామో ఆ సిమ్ ఫోన్‌లో ఉంటేనే యాప్ నడిచేలా మార్చుకోవాలని ఆ ఆదేశం. సిమ్ తీసి పర్సులో పెట్టుకుని తిరిగే పాత పద్ధతి ఇక మానేయడమే మంచిది. అక్కడి సిమ్ వేశాక వాట్సాప్ నంబరు మార్చమంటారా అని అడిగితే వద్దనే నొక్కాలని ఇద్దరికీ చెప్పండి.

అక్కడి సిమ్ ఎక్కడ కొనాలంటే, చాంగీ విమానాశ్రయంలో దిగగానే, టూర్ బస్సు ఎక్కకముందే. సామాను తీసుకుని బయటికి వచ్చే దారిలో డబ్బు మార్చే కౌంటర్లలోనూ, చిన్న దుకాణాల్లోనూ టూరిస్టు సిమ్‌లు అమ్ముతారు. సింగ్‌టెల్, స్టార్‌హబ్, ఎం1 అక్కడి ప్రధాన కంపెనీలు. ఊళ్ళో తిరిగేవాళ్ళకు వీటిలో ఏదైనా ఒకటే. ధరలు మారుతుంటాయి గానీ, టూరిస్టు సిమ్‌లు సుమారు 12 నుంచి 30 సింగపూర్ డాలర్ల మధ్య దొరుకుతాయి. వీళ్ళకు అన్నిటికంటే తక్కువదే ఎక్కువ. కార్డుతో కట్టాలనుకుంటే ఒక జాగ్రత్త: మన బ్యాంకులు కార్డు ఇచ్చేటప్పుడు విదేశీ లావాదేవీలు ఆపేసి ఇస్తాయి. బ్యాంకు యాప్‌లో ఆన్ చేసి, పరిమితి పెట్టి పంపండి. కొంత నగదు చేతిలో ఉంటే ఇంకా నయం.

సిమ్ తీసుకోవడానికి పాస్‌పోర్ట్ చూపించాలి, ఎవరి సిమ్ వాళ్ళ పాస్‌పోర్ట్ మీదే రిజిస్టర్ చేస్తారు. కాబట్టి కౌంటర్ దగ్గరికి ఇద్దరూ వెళ్ళాలి. ఇంగ్లీషులో ఎలా మాట్లాడాలి అని మామయ్యగారు జంకితే ఒక మాట చెప్పండి. సింగపూర్‌లో తమిళం నాలుగు అధికార భాషల్లో ఒకటి. తమిళనాడు సరిహద్దుకు దగ్గరి పలమనేరు మనిషికి తమిళం కొత్త కాదు. కౌంటర్‌లో తమిళం తెలిసినవాళ్ళు లేకపోయినా, పాస్‌పోర్ట్, ఫోన్ ముందు పెట్టి "టూరిస్ట్ సిమ్" అంటే చాలు, మిగతాది వాళ్ళే చేసిపెడతారు. సిమ్ ట్రే తీసే చిన్న పిన్ను ఒకటి పాస్‌పోర్ట్ కవర్‌కు టేపుతో అంటించి పంపండి.

కౌంటర్ దగ్గర నుంచి కదలకముందు చూసుకోవాల్సినవి తెలుగులో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసివ్వండి. మొబైల్ డేటా కొత్త సిమ్ మీదకు మారిందా? మీకు వాట్సాప్ కాల్ కలిసిందా? అత్తయ్య కొత్త నంబరుకు మామయ్య మామూలు కాల్ చేస్తే మోగిందా? ఈ మూడోది అందరూ వదిలేస్తారు. నెట్ సతాయించినా, వాట్సాప్ తెరవడం రాకపోయినా, నంబరు నొక్కితే మోగే మామూలు కాల్ పెద్దవాళ్ళకు కొండంత ధైర్యం. రెండు కొత్త నంబర్లూ ఫొటో తీసి మీకు పంపమనండి. టూర్ గైడ్‌కు కూడా ఇవ్వమనండి. గైడ్ నంబరు ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి.

ఈసిమ్ గురించి మీ వారు చెప్పింది తప్పు కాదు. ఫోన్‌లో *#06# కొడితే వచ్చే వివరాల్లో ఈఐడీ అనే పొడవాటి నంబరు కనిపిస్తే చాలావరకు ఆ ఫోన్ ఈసిమ్‌కు పనికొస్తుందని అర్థం. ఇంట్లో వైఫై మీదే ఎక్కించుకోవచ్చు, దిగగానే నెట్ వస్తుంది, క్యూలో నిలబడే పని లేదు. మీలాంటివాళ్ళు ఆఫీసు పని మీద వెళ్తే నేనూ అదే తీసుకోమంటాను. కానీ ప్రయాణికుల కోసం అమ్మే ఈసిమ్‌లు చాలావరకు డేటాకే. వాటికి అక్కడి ఫోన్ నంబరు ఉండదు, ఇందాక చెప్పిన మామూలు కాల్ కుదరదు. తెలియక సెట్టింగ్స్‌లో ఒకసారి డిలీట్ నొక్కితే చాలాసార్లు అదే కోడ్‌తో మళ్ళీ ఎక్కించలేం. మొదటిసారి వెళ్తున్న పెద్దవాళ్ళకు చేతితో పట్టుకుని చూసే సిమ్ కార్డే నయం. ఇంకో సంగతి. అనుమతి లేకుండా విదేశీ ఈసిమ్‌లు అమ్ముతున్న కొన్ని యాప్‌లను 2024 జనవరిలో మన టెలికాం శాఖ ఇక్కడ ఆపించింది. మీ వారు ఎవరో చెప్పిన యాప్ కోసం వెతికితే దొరకకపోవడానికి కారణం అదే కావచ్చు. దొడ్డిదారిన తెప్పించుకోవద్దు.

విదేశీ సిమ్‌లను టెలికాం శాఖ అనుమతితో మన ఊళ్ళోనే అమ్మే కంపెనీలు కూడా ఉన్నాయి. మన భాషలో మాట్లాడి, ఇక్కడే చేతికిస్తారన్నది వాటిలోని సుఖం. అక్కడ కొన్నదానికంటే సాధారణంగా ఖరీదు ఎక్కువ. అది నంబరు ఉన్న సిమ్మా, అక్కడి ఏ కంపెనీది అని అడగకుండా కొనవద్దు.

మీ మరిది చెప్పిన రోమింగ్ ప్యాక్‌ను నేను తీసిపారేయను. నాలుగు రోజుల ప్రయాణం, ఒక్క మనిషి, సెట్టింగ్స్ ముట్టుకోవడమంటేనే భయం అనుకుంటే డబ్బు కాస్త ఎక్కువైనా అదే మంచిది. మీ ఇంట్లో ఇద్దరికి 8 రోజులు వేయించాలంటే మాత్రం అక్కడి సిమ్‌లే చవక. అయితే మరిదిని వేరే పనికి వాడుకోండి. చాంగీలో ఏ కారణం చేతనైనా సిమ్ దొరకలేదనుకోండి, మామయ్యగారి నంబరుకు మీరు బెంగళూరు నుంచే యాప్‌లో రోమింగ్ ప్యాక్ వేయగలిగేలా ఏర్పాటు చేసుకోండి. రోమింగ్ ఆన్ చేసే ఉంటుంది కాబట్టి ప్యాక్ పడగానే నెట్ వస్తుంది. డేటా రోమింగ్ ఎలా ఆన్ చేయాలో మాత్రం ఆయనకు ముందే ఒకసారి చూపించండి.

టూర్ వాళ్ళు "మేమే సిమ్‌లు ఇస్తాం" అంటే ఒక్క ప్రశ్న అడగండి: అది మా పాస్‌పోర్ట్ మీద తీస్తారా, ఇంకెవరి పేరు మీదైనా ఉంటుందా? వేరేవాళ్ళ పేరున్న సిమ్ అయితే వద్దని చెప్పండి. సైబర్ మోసాల వల్ల సింగపూర్ ఈ విషయంలో చట్టం చాలా గట్టి చేసింది. అదే కారణంతో, తిరిగొచ్చేటప్పుడు మిగిలిన సిమ్‌ను అక్కడ అడిగినవాళ్ళకు ఇచ్చి రాకూడదు. ఎంత మంచివాళ్ళలా కనిపించినా సరే, అది మామయ్యగారి పాస్‌పోర్ట్ మీద ఉన్న నంబరు.

సింగపూర్ నుంచి మలేషియాకు బస్సులో వెళ్తే సముద్రం మీది వంతెన దాటగానే దేశం మారిపోతుంది, నెట్‌వర్క్ కూడా మారుతుంది. సింగపూర్ టూరిస్టు సిమ్‌లలో కొన్నిటికి మలేషియాలోనూ కొంత డేటా వస్తుంది. కొనేటప్పుడు "మలేషియాలో పనిచేస్తుందా?" అని అడిగి అలాంటిదే తీసుకోమనండి. మలేషియా సిమ్ విడిగా కొంటే కాస్త చవక పడొచ్చు గానీ, కదిలే బస్సులో చిన్న సిమ్‌లు తీసి పెట్టే పని పెద్దవాళ్ళకు పెట్టవద్దని నా సలహా. సింగపూర్ సిమ్‌కు మలేషియాలో డేటా రోమింగ్ ఆన్ చేయాల్సి వస్తుంది, ఇక్కడి సిమ్‌కు మాత్రం ఆఫ్‌లోనే ఉండాలి. ఈ తేడా వాళ్ళను తికమక పెడుతుంది, కాబట్టి బస్సు దిగాక మీరు హోటల్ వైఫై మీద వీడియో కాల్ చేసి చేయించండి. మలేషియాలో ఉన్నన్ని రోజులూ సింగపూర్ నంబరుతో మామూలు కాల్స్ చేస్తే రోమింగ్ ఛార్జీ పడుతుంది, అక్కడ వాట్సాప్ కాల్సే వాడుకోవాలి. బతు గుహల దగ్గర అత్తయ్యగారికి ఇది అక్కరకొస్తుంది, అందుకే పది రోజుల ముందు నుంచే అలవాటు చేయమన్నాను.

డేటా అయిపోతుందన్న దిగులు పెద్దగా అక్కర్లేదు. ఫొటోలు, వీడియోలు దానంతటదే బ్యాకప్ అయ్యేది వైఫై మీద మాత్రమే అని పెట్టి, వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్ ఆపేస్తే సరిపోతుంది. ఎవరూ అడక్కుండానే పొద్దున్నే వచ్చిపడే శుభోదయం వీడియోలే ఎక్కువ డేటా తింటాయి.

ఇదే ప్రశ్న వేరే దేశాల గురించి అడిగేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. దుబాయ్‌లో సిమ్ సులభంగానే దొరుకుతుంది గానీ వాట్సాప్ కాల్స్ పనిచేయవు, మెసేజ్‌లు మాత్రమే వెళ్తాయి. ఇంటికి ఎలా మాట్లాడతారో ముందే అనుకుని వెళ్ళండి. యూరప్‌లో ఒక యూరోపియన్ యూనియన్ దేశంలో కొన్న సిమ్ మిగతా సభ్య దేశాల్లోనూ అదనపు ఛార్జీ లేకుండా నడిచేలా 2017 జూన్ నుంచి నిబంధన ఉంది. స్విట్జర్లాండ్ అందులో లేదు, టూర్లలో ఎక్కువమందికి బిల్లు తగిలేది అక్కడే. జర్మనీలో ప్రీపెయిడ్ సిమ్‌కు కూడా గుర్తింపు కార్డు చూసే ఇస్తారు. బ్రిటన్‌లో అలాంటిదేమీ అడగరు. జపాన్‌లో టూరిస్టులకు దొరికేవి ఎక్కువగా డేటా సిమ్‌లే.

చివరిగా, ఇద్దరి ఫోన్లలోనూ ఈ నంబర్లు ఎక్కించండి: సింగపూర్‌లో అంబులెన్స్ 995, పోలీసు 999. మలేషియాలో రెండిటికీ 999. మీ నంబరు, మీ వారి నంబరు ముందు +91 పెట్టి సేవ్ చేయండి, లేకపోతే అక్కడి నుంచి కలవవు. వాళ్ళు తిరిగొచ్చి బెంగళూరులో దిగాక కొత్త సిమ్‌లు తీసేసి, మొబైల్ డేటాను ఇక్కడి సిమ్ మీదకు మార్చి, అంతర్జాతీయ రోమింగ్ ఆపేయండి. స్మార్ట్‌ఫోన్ మాత్రం అత్తయ్యగారి దగ్గరే ఉండనివ్వండి.